లోపలి గదిలో రెండు కుప్పలు

నా బిడ్డ చేసిన ఒక పొరపాటు వల్ల నంద్యాలలో ఒక ముసలామె మొగుడి పరుపు, ఆయన పోయి రెండు నెలలు తిరక్కముందే, ఆళ్ళగడ్డలో ఒక పెండ్లికూతురి మంచం ఎక్కింది. అది మళ్ళీ ఆ ముసలామె చేతికి రాకపోతే ఆమెకు మొగుడు రెండోసారి పోయినట్టే. వచ్చిందా రాలేదా అన్నదే నేను చెప్పబోయేది. అయితే గబగబా చెప్పలేను. దూది అంగడి నడిపినదాన్ని, నా మాట కూడా కాస్త విచ్చుకుని, గాల్లో తిరిగి, తీరిగ్గా కింద వాలుతుంది. తొందరున్నవాళ్ళు మా పక్కనున్న ఇనుప సామాన్ల అంగడికి పోవచ్చు.

మాది ఆళ్ళగడ్డ పక్కన ఒక పల్లె. నల్లరేగడి నేల, పత్తి, జొన్న. నా మొగుడు ఓబులేసు మంచివాడే గాని తొందర మనిషి, అన్నం వార్చకముందే కంచం ముందు కూర్చుంటాడు. మా ఒక్కగానొక్క బిడ్డ అందుకు పూర్తిగా ఎదురు. అహోబిలం స్వామికి మొక్కుకున్నాక పుట్టిందని చెంచులక్ష్మి అని పేరు పెట్టాం. చెంచూ అని పిలిస్తే ఆ పిలుపు దాని చెవిలో పడి, లోపలెక్కడో తిరిగి, కాసేపటికి "ఆఁ" అని బయటికొచ్చేది.

డెబ్బై రెండులోనో మూడులోనో బడిలో వేశాం. అయ్యవారు ఏదన్నా అడిగితే జవాబు చెప్పేది కాదు. చెప్పకపోవడం కాదు, పొద్దున అడిగినదానికి మాపటికి చెప్పేది. అంతసేపు కాచుకునే అయ్యవారు ఏ ఊళ్ళో ఉన్నాడు? ఒకనాడు అరచేతులు రెండూ వాచి ఇంటికొచ్చింది. నేను బడికి పోయి అయ్యవారిని అడగాల్సింది అడిగి, అడగకూడనిదీ అడిగి, పలకతో సహా పిల్లను ఇంటికి తెచ్చుకున్నాను. ఇక ఇంట్లోనే చదువన్నాను. నువ్వు చదివిందే ఎనిమిది, నువ్వేం చెప్తావే అని మా అత్త దీర్ఘాలు తీసింది. ఎనిమిది దాకా చెప్తాను, ఆ తర్వాత ఇద్దరం కలిసి చదువుకుంటాం అన్నాను. ఊరంతా నవ్వింది. నవ్వితే పళ్ళు గాలికి ఆరతాయి, నాకేం నష్టం?

మా బడి పత్తి నిలవ చేసే గదిలో ఉండేది. మిద్దెకున్న గవాక్షంలోంచి మధ్యాహ్నపు ఎండ నిలువుగా దిగేది. అందులో పత్తి నూగు తేలుతూ ఉండేది, పైకీ పోదు, కిందికీ రాదు. పిల్ల పత్తి కుప్ప మీద వెల్లకిలా పడుకుని ఆ నూగును చూస్తూ పాఠం వినేది. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. ఒకరోజు పొద్దున ఒక లెక్క అడిగి, జవాబు రాకపోతే విసుక్కుని లేచి పోయాను. సాయంత్రం జడ వేస్తుంటే, నా వైపు తిరక్కుండానే ఆ లెక్కకు జవాబు చెప్పింది. సరైన జవాబు. పొద్దుటినుంచీ అది ఆ లెక్కలోనే ఉందని, నేనే బయటికి వచ్చేశానని అప్పుడు తెలిసింది.

ఆ గదిలో పిల్ల ఎంత నేర్చుకుందో నాకు తెలియదు గాని, నేను మాత్రం నోరు మూసుకోవడం నేర్చుకున్నాను. ఇది నాకు పుట్టుకతో వచ్చిన గుణం కాదు, కావాలంటే మా పుట్టింటివాళ్ళను అడగండి. ప్రశ్న వేసి ఊరుకోవాలి. ఇంకొక్క పద్యం అని పిల్ల అడుగుతుండగానే పుస్తకం మూసేయాలి, రేపటికి ఆకలి మిగలాలి. చెయ్యి పట్టుకుని దిద్దించకూడదు, వంకరైనా దాని గీత దాన్నే గీయనివ్వాలి. ఇంకొకటి, తప్పు రాస్తే పలక మీద ఉమ్మేసి తుడవడానికి లేదు. తప్పును అట్లాగే ఉంచి, పక్కన మళ్ళీ రాయాలి. తుడిచేస్తే పలక నల్లగా అవుతుంది గాని తప్పు ఎక్కడికీ పోదని దానికి చెప్పేదాన్ని. పెద్ద తెలిసినదాన్నని కాదు, బలపాలు తొందరగా అరిగిపోతున్నాయని మొదలుపెట్టిన పద్ధతి అది.

డెబ్బై ఏడు ప్రాంతంలో వరసగా వానలు ముఖం చాటేశాయి. పండిన కాస్త పత్తిని గంపకింతని అమ్మేకంటే పరుపులు, దిండ్లు చేసి అమ్ముదామని నంద్యాల చేరాం. స్టేషనుకు పోయే దారిలో ఒక అంగడి, వెనక ఒక హాలు, దాని వెనక ఒక చిన్న లోపలి గది. దూది ఏకడానికి హుసేనప్ప అనే ఆయన కుదిరాడు. తాతల నాటినుంచీ వాళ్ళది అదే పని. ఆయన విల్లు భుజానికి వేలాడదీసుకుని, కొయ్య గుండుతో నారిని కొడితే టంగున మోగేది. అణిగిన దూది ఆ మోతకు ఉలిక్కిపడి లేచేది. పొద్దున మొదలుపెడితే పదింటికల్లా హాలంతా తెల్లగా, మెత్తగా, మనుషులు నీళ్ళ అడుగున తిరుగుతున్నట్టు అయ్యేది. మాట్లాడితే మాట కూడా మెత్తబడేది. చెంచుకు ఆ గదిలో స్వర్గం దొరికింది.

నాకు వ్యాపారం తెలియదు. తెలిసింది ఒక్క పిల్లకు చదువు చెప్పడం. అందుకని అంగడిని కూడా అట్లాగే నడిపాను. ఓబులేసు వచ్చినవాళ్ళ మీద పడి, తీసుకోండి, మళ్ళీ దొరకదు, ఇదే మంచిది అని ఊదరగొట్టేవాడు. వాళ్ళు పారిపోయేవాళ్ళు. నేను ఆయన్ని పత్తి కొనడానికి సంజామల వైపు తోలి, వచ్చినవాళ్ళకు ఒక పరుపు పరిచి, పడుకోండి అని చెప్పి పక్కకు పోయేదాన్ని. నాలుగు రకాలు చూపించమంటే ఒకటిన్నర చూపించేదాన్ని. మెత్తగా ఉందా అని అడిగేదాన్ని కాదు. వాళ్ళు పైకప్పు చూస్తూ పడుకునేవాళ్ళు. మొహంలో ఏదో సర్దుకునేది. ఆ సర్దుకోవడం పూర్తయ్యేదాకా నేను దారం చుట్టుకుంటూ కూర్చునేదాన్ని.

సున్నిపెంట నుంచి డ్యాం ఇంజనీరు భార్య ఒకామె వచ్చి, అట్లా పడుకుని నిద్రపోయింది. ఎండాకాలం మధ్యాహ్నం. లేపుతానని ఓబులేసు, లేపితే ఊరుకోనని నేను. సాయంత్రం రైలు కూతకు ఉలిక్కిపడి లేచి, సిగ్గుపడి, తన చిన్నతనంలో పోయిన అక్క కల్లోకి వచ్చి జడ వేసిందని చెప్పింది. ఆ నెల తిరిగేలోగా సున్నిపెంట క్వార్టర్సులో సగం ఇళ్ళకు మా పరుపులే పోయాయి. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు. ఆ సామెత పుట్టించినవాడు మా పరుపు మీద పడుకోలేదు. బజారువాళ్ళు మాత్రం సరోజమ్మది అంగడి కాదప్పా, సత్రం అని ఎగతాళి చేసేవాళ్ళు.

కొన్ని సాయంత్రాలు అంగడి మెట్ల మీద కూర్చుని నేనూ చెంచూ ఊరిని చూసేవాళ్ళం. నంద్యాల మిద్దెల మీద జనం పరుపులు పరుచుకోవడం మొదలుపెట్టేవాళ్ళు. ఆ తెలుపుల్లో మావి ఎన్నో, వాటి మీద ఎవరికి ఏ కల వస్తుందో అని చెంచు అడిగేది. కలలకు మనం పూచీ కాదులే అనేదాన్ని నేను. చెంచు ఒప్పుకునేది కాదు. మనం నింపిన దూదే కదమ్మా అనేది.

ఇక ఆ పొరపాటు సంగతి. ఎనభై ఒకటి వైశాఖం అనుకుంటాను. చెంచుకు పదిహేనేళ్ళు. కుట్టుపని, దూది నింపే పని అప్పటికి దాని చేతికే వదిలేశాను. మధ్యాహ్నం, ఊరంతా కళ్ళు మూసుకునే వేళ, ఒక రిక్షా అంగడి ముందు ఆగింది. దుప్పటి కప్పిన పరుపు, పక్కన ఒక ముసలామె. పేరు కృష్ణమ్మ. ఈ ఊరి ఆమే, మొగుడు ఆదినారాయణ ఆ మధ్యనే పోయాడని విన్నాను. ఆమె రెండు పక్కలా చూసి, లోపలికి వచ్చి, గొంతు తగ్గించి మాట్లాడింది.

"మా ఆయన పరుపుమా. దినాల నాడు చాకలోళ్ళకి ఇచ్చేయల్లన్నారు. ఇంకోటి పాతది ఇచ్చి పంపి, దీన్ని అటక మీద దాపెట్టుకున్న్యా."

పోయినవాళ్ళ పరుపు ఇంట్లో ఉంచుకోవడం మా వైపు లేదు. మొగుడు పోయిన ఆడదానికి పరుపే వద్దు, చాప చాలు అనేవాళ్ళు కూడా ఉన్నారు. కృష్ణమ్మ ఈ రెండింటినీ ఒకేసారి తోసిపుచ్చి, నా ముందు భయం భయంగా నిలబడింది. ఏం చేయమంటావని అడిగాను.

"ఆయప్ప పండుకున్న గుంట అట్లనే ఉంది. రాత్రిపూట దింపుకోని పక్కన పండుకుంటే దాంట్లోకి దొర్లిపోతాండా. ఆ గుంట పోవల్ల. పరుపు ఉండల్ల."

ఆమె ఎందుకు ఉంచుకోవాలనుకుందో నేను అడగలేదు. అడక్కుండా కాచుకుంటే చెప్పాల్సింది అదే బయటికొస్తుందని చెంచు దగ్గర నేర్చుకున్నాను. దూది ఏకించి, కొత్త గుడ్డ వేసి ఇస్తాను, ఎవరికీ తెలియదు అన్నాను. ఆమె పోతూ పోతూ పరుపు అంచు ఒకసారి పట్టుకుని వదిలింది.

సరిగ్గా ఆ వారమే ఆళ్ళగడ్డ నుంచి పెద్ద రైతు కుటుంబం లింగమ్మగారి ఇంటినుంచి మనుమరాలి పెండ్లి పరుపు చేయమని కబురొచ్చింది. సంజామల కొత్త పత్తి, ఎర్రపూల గుడ్డ. అంత పెద్ద ఇంటి పరుపు అంటే ఆ పక్క పల్లెల్లో ప్రతి పెండ్లికీ మా పేరే వినిపిస్తుంది. హుసేనప్ప రెండు దూదులూ ఒకే రోజు ఏకాడు. ఆదినారాయణ పరుపులోది ఏనాటిదో మంచి నాటు పత్తి, విల్లు తగలగానే కొత్తదానిలా పొంగిందని ఆయనే మురిసిపోయాడు.

దొంగకు తోడు దొర అన్నట్టు ఆ రెండూ లోపలి గదికే చేరాయి. పెండ్లి దూది మీద నలుగురి కళ్ళు పడితే దిష్టి అని లోపల పెట్టించింది మా అత్త. కృష్ణమ్మ దూది ఎవరైనా చూస్తే ఆమె పరువు పోతుందని లోపల పెట్టించింది నేను. ఒకటి అటు, ఒకటి ఇటు, రెంటి మీదా తెల్ల దుప్పట్లు. కిటికీ మూసి ఉండేది. ఇంకో నియమం కూడా ఉంది. పెండ్లి పరుపులో దూది పెండ్లి కాని పిల్లే, ఒక్కతే, మాట్లాడకుండా నింపాలట. ఎందుకని అడిగితే మా అత్తకూ తెలియదు. చెంచు ఆ గదిలోకి పోయి తలుపు వేసుకుంది. తలుపు సందులోంచి ఒక్క ఎండ గీత లోపల పడింది. ఆ గీతలో నూగు తేలుతోంది. అది చూస్తూ మా చెంచు ఏ లోకానికి పోయిందో, చేతులు ఏ కుప్పలోకి పోయాయో.

లింగమ్మగారి మనుషులు ట్రాక్టరు తెచ్చి పరుపు తీసుకుపోయారు. మరుసటి రోజు చెంచు కృష్ణమ్మ దూది నింపడానికి లోపలి గదికి పోయింది. పోయి చాలాసేపు రాలేదు. నేను పట్టించుకోలేదు, దాని సంగతి తెలిసిందే. తీరా వచ్చి వాకిట్లో నిలబడింది. వేళ్ళకు చిన్న చిన్న ఎండాకు పొట్టు అంటుకుని ఉంది. కొత్త పత్తిలోనే ఉంటుంది ఆ పొట్టు.

"మ్మా, కృష్ణమ్మవ్వ పరుపు నేను పెండ్లికి పంపించిన్యా."

అటు చూస్తే పెండ్లికూతురి మంచం మీద చచ్చినాయన పరుపు. ఇటు చూస్తే ఒక ముసలామె దొంగతనంగా దాచుకున్న ఒకే ఒక్క వస్తువు పోయింది. ఉన్నమాట చెప్తాను, నాకు ముందు గుర్తొచ్చింది ముసలామె కాదు, అంగడి. ఈ మాట ఆళ్ళగడ్డలో పడితే చుట్టుపక్కల ఒక్క పెండ్లివాళ్ళూ మా గడప తొక్కరు.

ఓబులేసు అంతా విని, ఇందులో ఏముంది అన్నాడు. దూదికి పేరుందా, ఊరుందా? మిగిలిన కొత్త దూదితో కృష్ణమ్మకు పరుపు కుట్టేస్తే సరి, ఆమె దూదికంటే మంచి దూదే వస్తుంది, ఆమెకేం తెలుస్తుంది అన్నాడు. నేను కాదనలేదు. అవుననడానికి నోరు తెరుస్తున్నాను. అప్పుడు చెంచు, ఎప్పుడూ ఆలస్యంగా మాట్లాడే పిల్ల, వెంటనే మాట్లాడింది.

"తెలీకపోతేనే పాపం నాయనా. కొత్త దూది మీద పండుకోని ఆయప్పే అనుకుంటాది."

నేను పోయి లింగమ్మగారికి ఏదో ఒకటి చెప్పి మార్చుకొస్తానని లేచాను. గుడ్డ చిరిగిందనో, కుట్టు ఊడిందనో చెప్పవచ్చు. నా నోటి సంగతి నాకు తెలుసు, ఒప్పించగలను. చీర కొంగు సర్దుకుంటూ చెంచు మొహం చూశాను. బడి మాన్పించిన కొత్తలో లెక్క చేస్తుంటే ఉండేదే ఆ మొహం, పెదవి లోపలికి మడిచి, అసలు మనిషి దూరంగా ఎక్కడో ఉండి. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా దాని లెక్క నేను చేయలేదు. ఇప్పుడు చేస్తే అంగడి నిలబడుతుందేమో గాని, బిడ్డ? ఎంత కష్టంగా ఉన్నా ఆ మాట అన్నాను.

"అట్లయితే నువ్వే చెప్పల్ల. నేను తోడొస్తా. నోరు తెరవను."

ఆ రోజంతా హుసేనప్ప, చెంచు కలిసి కొత్త దూదితో అదే కొలతకు, మిగిలిన ఎర్రపూల గుడ్డతో ఇంకో పరుపు కుట్టారు. తెల్లవారి దాన్ని బస్సు టాపు మీద కట్టించి ఆళ్ళగడ్డకు బయల్దేరాం. ఎడమ పక్క నల్లమల నీలంగా సాగుతోంది. శిరివెళ్ళ దాటాక చెంచు నా భుజం మీద నిద్రపోయింది. అంత భయంలోనూ నిద్రపోగలిగిన పిల్లను చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నేను మాత్రం దారి పొడుగునా లింగమ్మగారితో మాట్లాడుతూనే ఉన్నాను, మనసులో.

పెండ్లికి ఇంకా రెండు రోజులుంది. వాకిట్లో కొబ్బరాకు పందిరి, వెనక దొడ్లో పొయ్యిల మీద బెల్లం పాకం ఉడుకుతోంది. ఆ తీపి వాసన ఇల్లంతా నిండి మనుషుల్ని మత్తులో ముంచుతోంది. పనివాళ్ళు కూడా మెల్లగా నడుస్తున్నట్టు అనిపించింది. లింగమ్మగారు డెబ్బై దాటిన మనిషి, నిటారుగా ఉంది. పరుపు మార్చాలని చెంచు చెప్పగానే మమ్మల్ని పెండ్లి గదికి తీసుకుపోయింది. కొత్త టేకు మంచం మీద మా పరుపు. నాలుగు మూలలా పసుపు పెట్టారు.

లింగమ్మగారు నా వైపు చూసింది. నేను చెంచు వైపు చూశాను. చెంచు పరుపు మీద చెయ్యి పెట్టి నిలబడింది. ఒక క్షణం, రెండు, ఇంకా ఎక్కువ. దొడ్లో ఎవరో నవ్వారు. నా నాలుక మీద అబద్ధం అప్పుడే వండిన అన్నంలా సిద్ధంగా ఉంది. మింగాను.

"అవ్వా, దీంట్లో ఉండేది కొత్త దూది కాదు. నంద్యాల్లో ఒకాయన పోయినాడు, ఆయన పరుపుది. నేనే తప్పుగా నింపిన్యా. కొత్తది తెచ్చినాము. ఇది ఆ ఆయన పెండ్లానికి ఇయ్యల్ల, ఆమె కాచుకోనుంది."

లింగమ్మగారు పోయి తలుపు వేసి గడియ పెట్టింది. అయిపోయాం అనుకున్నాను. శుభమా అని పెండ్లి చేసుకుంటుంటే చావు పరుపు తెచ్చి పెడతారా అని, గొంతు పైకి రాకుండా, పళ్ళ బిగువున తిట్టింది. మేము తలలు వంచుకుని పడ్డాం. తిట్టడం ఆపి, ఒకటి అర్థం కాలేదన్నట్టు చెంచును అడిగింది. దినాలనాడు ఇచ్చేయలేదా, ఇంట్లో ఎందుకు పెట్టుకుంది అని. దాపెట్టుకున్నిందవ్వా, ఆయన దాంట్లో పండుకున్న్యాడని, అంది చెంచు.

లింగమ్మగారు మంచం అంచున కూర్చుంది. గది మూలన చుట్టిపెట్టిన ఒక చాప ఉంది, అరిగిన చాప. ఆమె దాన్ని చూసింది. చేత్తో పరుపు మీద మెల్లగా రాసింది, చీర ముడతలు సరిచేసినట్టు.

"మా ఆయన పరుపు ఆ పొద్దే ఎత్తుకోని పాయిరి. నన్నెవురూ అడగలేదు. అడిగింటే ఇచ్చిందును కాదు."

కాసేపటికి లేచి, కొత్త పరుపును లోపలికి తెప్పించి, పాతదాన్ని దొడ్డి తలుపు గుండా బయటికి పంపించింది. ఈ మాట ఈ గది దాటకూడదు అంది. నేను తలూపాను. వీధి దాకా వచ్చి, నీ బిడ్డను ఏ బడికి పంపినావు అని నన్ను అడిగింది. యాడికీ పంపలేదు పెద్దమ్మా అన్నాను. "అందుకే ఇట్ల అడ్డంగా చెప్పేసింది" అని లోపలికి పోయింది. అది మెప్పో దెప్పో ఈ రోజుకీ నాకు తెలియదు. ఆ ఇంటినుంచి మళ్ళీ ఎప్పుడూ మాకు కబురు రాలేదు. ఆ ఏడు ఆళ్ళగడ్డ వైపు పెండ్లి పరుపులు వేరే అంగళ్ళనుంచి పోయాయి. అది నన్ను బాధించలేదని చెప్పను.

మరుసటి మధ్యాహ్నం కృష్ణమ్మ వచ్చింది. ఊరు కళ్ళు మూసుకున్న వేళ, మళ్ళీ అదే రిక్షా, అదే బెదురు. హుసేనప్ప విల్లు పక్కన పెట్టి టీ తాగడానికి పోయాడు. హాల్లో దూది ఇంకా గాల్లో తేలుతూ ఉంది. ఎర్రపూల గుడ్డలో, మూలలకు పసుపుతో ఉన్న పరుపును చూసి ఆమె మా ముఖాలు చూసింది. ఇది నాది కాదే అంది. చెంచు ఆమె పక్కన కూర్చుని, పరుపు పెండ్లికి పోయిన సంగతి, తిరిగొచ్చిన సంగతి మొత్తం చెప్పింది. తగ్గించలేదు, పెంచలేదు. గుడ్డ మార్చి తెల్లగుడ్డ వేస్తానని, పసుపు పోగొడతానని కూడా చెప్పింది. నేను దారం చుట్టుకుంటూ దూరంగా కూర్చున్నాను. కృష్ణమ్మ తిట్టినా, ఏడ్చినా అది వాళ్ళిద్దరి మధ్యనే అనుకున్నాను.

ఆమె తిట్టలేదు. అంతా విని, వంగి, పరుపుకు ముఖం ఆనించింది. అట్లాగే ఉండిపోయింది. చాలాసేపటికి తలెత్తి, పెండ్లింట్లో బెల్లం పాకం పడుతుండిరా అని అడిగింది. అవునవ్వా, పరుపున్న గదికి వెనకాలే పొయ్యి అంది చెంచు.

కృష్ణమ్మకు నవ్వొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, అయినా ఆగలేదు.

"ఆయప్పకు పెండ్లిండ్లంటే పానం. యాడ పందిరేసినా నన్ను ఇంట్లో ఇడిసిపెట్టి పోయేటోడు. వచ్చినాక గుడ్డలన్నీ ఇదే వాసన. నేను రెండు దినాలు మాట్లాడేదాన్ని కాదు." నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. "సచ్చినాక గూడా బుద్ధి మారలే సూడు. మళ్ళా నాకు చెప్పకుండా పెండ్లికి పోయినాడు."

చెంచు ఆమె చెయ్యి పట్టుకుంది. గుడ్డ మార్చమంటావా అవ్వా అని మళ్ళీ అడిగింది.

"వద్దులే. ఇట్లనే తీసుకోని పోతా," అంది కృష్ణమ్మ. పరుపు మీద చెయ్యి తీయకుండా, చెంచుతో కాదు, దానితోనే అన్నట్టు, "తిరిగొచ్చినాడు గదా, పోనీ," అంది.